బావ నొక్కిన గంట

మా బావ ఏ భవనంలో అడుగు పెట్టినా ముందు లిఫ్టులోకి దూరి ఎర్రగా ఉన్న గంట బటన్ నొక్కుతాడు. పెళ్ళికి వెళ్ళినా అంతే, ఆసుపత్రిలో ఎవరినో చూడటానికి వెళ్ళినా అంతే. నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని నిలబడతాడు. వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వస్తే, "ఏం లేదండీ, పనిచేస్తోందో లేదో చూశా. వచ్చారు, చాలు" అని నవ్వుతాడు. వాళ్ళు తిట్టినా దులిపేసుకుంటాడు. ఎవరూ రాకపోతే మాత్రం ఆ లిఫ్టు ఎక్కడు, వెంట ఉన్నవాళ్ళని ఎక్కనివ్వడు. ఒకసారి ఎవరింట్లోనో విందుకి మా అక్క ఎత్తు మడమల చెప్పులేసుకుని ఎనిమిదో అంతస్తు దాకా మెట్లెక్కింది. ఆ మెట్ల మీద అక్క అన్న మాటలు ఇక్కడ రాస్తే కాగితం మాడిపోతుంది.

బావ లిఫ్టు మెకానిక్కు. వయసు యాభై దాటింది, చేతుల మీద గ్రీజు మరకలు ఇక పోవని ఆయనా ఒప్పేసుకున్నాడు, అక్కా ఒప్పేసుకుంది. నేను ఆయన మరదల్ని కాబట్టి ఆయన్ని ఏమన్నా చెల్లుతుంది. వాళ్ళు మూడో అంతస్తులో ఉంటారు, అదే భవనంలో కింద నా జిరాక్సు షాపు. పనికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నా కౌంటరు ముందు ఆగి ఓ మాట విసరకపోతే ఆయనకి తోచదు. తిరిగి విసరకపోతే నాకూ తోచదు.

"లిఫ్టు తెగి పడటం సినిమాల్లో ఉంటుంది మరదలా" అనేవాడు. "తాళ్ళు ఒక్కటి కాదు, నాలుగైదు ఉంటాయి. ఒకటి పోయినా మిగతావి మోస్తాయి. జనం పడిపోతామని భయపడతారు. నిజంగా జరిగేది ఇరుక్కుపోవడం. ఇరుక్కున్నప్పుడు నీ గంట విని ఎవరొస్తారు అన్నదే అసలు సంగతి."

నేనే ఒకసారి ఇరుక్కున్నాను, మా భవనం లిఫ్టులోనే. చెమటలు పట్టి, తలుపు పీకుతూ, నోటికొచ్చినట్టు అరుస్తుంటే, బయట నుంచి తాపీగా తలుపు మీద తట్టిన చప్పుడైంది. పనిముట్టు ముట్టుకోకముందు తలుపు తట్టి మాట్లాడటం బావ పద్ధతి. "నేను మెకానిక్‌ని. భయం లేదు. తలుపు లాగొద్దు. కింద కూర్చోండి." లోపలున్నది సొంత మరదలని తెలిసి కూడా "కూర్చోండి" అన్నాడు. పని జరుగుతున్నంతసేపూ ఆ గొంతు ఆగలేదు. చివరికి తలుపు తెరుచుకుని నేను బయటపడ్డాక, నా వెనకాల లోపలికి తొంగిచూసి, "ఇంకెవరైనా ఉన్నారా లోపల?" అని అడిగాడు.

"ఖాళీగా కనిపిస్తోందిగా బావా" అన్నాను, ఒళ్ళు మండి.

"కనిపించినా అడగాలి" అన్నాడు.

ఇంత జాగ్రత్త మనిషి ఓ పొద్దున కాళ్ళు నేలమీద ఆనకుండా నా షాపులోకి వచ్చి, ఫోను కౌంటరు మీద పెట్టి, "ఇదంతా ప్రింటు తియ్. రెండు వైపులా. రంగుల్లో" అన్నాడు. రంగుల్లో అనడమే విచిత్రం, మామూలుగా బావకి నలుపు తెలుపే ఖరీదు.

దీనికంతటికీ మూలం మా భవనం పక్కనే ఉన్న కటింగ్ షాపాయన. ఆయన ఆ మధ్య క్రిప్టో అని ఇంటర్నెట్లో అమ్మే డబ్బులో ఏదో కొత్త కాయిన్ కొని, అది పెరిగాక అమ్మి, వచ్చిన లాభంతో షాపులోకి కొత్త కుర్చీ తెచ్చాడు. అది మామూలు కుర్చీ కాదు. బటన్ నొక్కితే వెనక్కి వాలుతుంది, ఇంకోటి నొక్కితే నడుము పిసుకుతుంది. అందులో కూర్చుని గడ్డం గీయించుకున్న ప్రతివాడికీ కాయిన్ల మీద గురి కుదిరేది. కూర్చున్నవాడు కళ్ళు మూసుకుని ఉండగానే ఆయన పాఠం మొదలుపెట్టేవాడు. "ఐసీఓ అంటారండీ. కంపెనీ ఇంకా వస్తువు తయారు చేయకముందే, తయారు చేయడానికి డబ్బు కావాలని, తన సొంత కాయిన్లు అమ్ముతుంది. ముందు కొన్నవాళ్ళకి చవక. రేపు ఆ కాయిన్ మార్కెట్లోకి వచ్చి, అందరూ కొనడం మొదలుపెడితే, మనం పంట పండినట్టే." మరో రెండు కాయిన్లు కొని, ఆ కంపెనీలే మాయమైపోతే నోరు మూసుకుని ఊరుకున్న సంగతి కూడా చెప్పేవాడు గానీ, అది చెప్పేటప్పుడు చెవి పక్కన మిషన్ ఆన్ చేసేవాడు.

బావ కూర్చున్న రోజున ఆయన చెప్పింది కొత్త కాయిన్ గురించి. దాని పేరు ఇంగ్లీషులో నోరు తిరగనిది, మా ఇంట్లో అందరం లిఫ్టు కాయిన్ అనే అన్నాం. ఎందుకంటే ఆ కంపెనీ లిఫ్టుల కోసమే పుట్టింది. ప్రతి లిఫ్టుకీ ఓ చిన్న పెట్టె బిగిస్తారట. అది మోటారు చప్పుడు వింటూ, బ్రేకు అరిగిపోతుంటే ముందే మెకానిక్కుకి కబురు పెడుతుందట. భవనాలవాళ్ళు ఆ కాయిన్‌లో డబ్బు కడతారు, మెకానిక్కులకి ఆ కాయిన్‌లోనే కూలి వస్తుంది. అదంతా రాసిన కాగితాలే నేను ప్రింటు తీసింది.

ఆ రోజు బావ నా షాపులోనే స్టూలు మీద కూర్చుని చదివాడు. చదువుతూ చదువుతూ ఒక బొమ్మ దగ్గర ఆగి, వేలితో దాన్ని నిమిరాడు. "చూడు మరదలా. బ్రేకు అరిగితే మొదట వచ్చేది కీచుమనే చప్పుడు కాదు. ఆగేటప్పుడు లిఫ్టు చిన్నగా కుదుపిస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. వీడు రాశాడు. వీడు మోటారు గదిలో చొక్కా పాడుచేసుకున్నవాడే, రాసిపెట్టుకో." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళలో లిఫ్టులో ఎక్కేవాళ్ళ గురించి పట్టించుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, పైన చీకటి గదిలో మోటారు పక్కన కూర్చునే మనిషి గురించి ఎవరైనా పేజీలకు పేజీలు రాయడం ఆయన చూడటం అదే మొదటిసారి. నాకూ సంతోషమేసింది.

అక్కడే బావ పప్పులో కాలేశాడు. బ్రేకు గురించి నిజం చెప్పినవాడు డబ్బు గురించి కూడా నిజమే చెబుతాడనుకున్నాడు.

సాయంత్రం వాళ్ళింట్లో సభ. ముందు గదంతా అక్క కుట్టుమిషన్లు, బట్టల గుట్టలే. కూర్చోవాలంటే ఎవరివో కర్టెన్లు పక్కకి జరిపి కూర్చోవాలి. ఆ గదిలో కుట్టి కుట్టి అక్క నడుము పట్టేసింది. రోడ్డుకి అవతల, వాచీలు రిపేరు చేసే ఆయన ఖాళీ చేసిన గది మీద ఆమె మనసు పడింది. గది చిన్నదే గానీ రోడ్డు వైపు నిలువెత్తు అద్దం ఉంది. కుట్టిన బట్టలు బొమ్మకి తొడిగి ఆ అద్దంలో పెట్టాలని అక్కకి ఎన్నాళ్ళ నుంచో ఆశ. దాని అడ్వాన్సుకని ఇద్దరూ కలిసి పొదుపు చేశారు. ఇంట్లో ఉన్న డబ్బంతా అదే. బావ ఇప్పుడు ఆ డబ్బే కాయిన్‌లో పెడదామంటున్నాడు.

"లేచిందనుకో, వాచీల గది కాదు, ఆ మూల మీదున్న పెద్ద గదే తీసుకోవచ్చు" అన్నాడు.

"పోయిందనుకోండి?" అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

నేను కాగితాల చివర చీమల్లా ఉన్న అక్షరాలు పైకి చదివాను. కాయిన్ కొన్నంత మాత్రాన కంపెనీలో వాటా రాదు. పెట్టె తయారు కాకపోవచ్చు. కాయిన్ విలువ సున్నా కావచ్చు. అలా అయితే మీరు ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మార్కెట్లోకి వచ్చేవరకు మాత్రం ఎప్పుడు అడిగినా డబ్బు వెనక్కి ఇస్తాం.

"అరచేతిలో వైకుంఠం చూపించి, చివర్లో అది వైకుంఠం కాకపోవచ్చని కూడా వాళ్ళే రాశారన్నమాట" అంది అక్క. "నాకొద్దు. నా అద్దం నాకు చాలు."

బావ పట్టు వదల్లేదు. ఆ వారం హోటల్లో కంపెనీవాళ్ళ మీటింగ్ ఉందని, ఒక్కసారి వచ్చి చూడమని చెవినిల్లు కట్టుకుని పోరాడు. చివరికి ముగ్గురం బయల్దేరాం. హోటల్లోకి అడుగు పెట్టగానే బావ అలవాటు ప్రకారం లిఫ్టులోకి దూరి గంట నొక్కాడు. నొక్కీ నొక్కకముందే యూనిఫాం వేసుకున్న మనిషి ప్రత్యక్షమయ్యాడు. బావ మొహం చేటంతైంది. "చూశావా, గంట ఎలా పనిచేస్తోందో" అని నా వైపు గర్వంగా చూశాడు. ఆ గంట హోటల్‌ది, కంపెనీది కాదన్న సంగతి ఆ క్షణంలో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

హాలు నిండా జనం, లైట్లు, గుండెలో దడ పుట్టించే పాటలు. కంపెనీ పెట్టిన కుర్రాడు టీషర్టుతో స్టేజీ ఎక్కాడు. నేను మోసగాళ్ళని చాలామందినే చూశాను, నా షాపులో దొంగ సర్టిఫికెట్లు ప్రింటు తీయమని వచ్చినవాళ్ళతో సహా. ఈ కుర్రాడు ఆ రకం కాదు. మాట్లాడుతుంటే వాడి గొంతు వణికింది, చేసే పని మీద ప్రాణం పెట్టుకున్నవాడిలా ఉన్నాడు. ప్రశ్నలు అడగమంటే బావ లేచి, ఆగేటప్పుడు వచ్చే కుదుపు గురించి అడిగాడు. ఆ కుర్రాడు స్టేజీ మీద నుంచి దూకినంత పని చేసి, వచ్చి బావని కావలించుకుని, పైకి తీసుకెళ్ళి, "మేం ఇదంతా చేస్తున్నది ఈయన లాంటివాళ్ళ కోసం" అన్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పక్కకి చూస్తే అక్క ఏడుస్తోంది.

ఇంటికొచ్చేటప్పటికి అక్క మారిపోయింది. బావకున్న ఉత్సాహం ఆమెకి రెట్టింపుగా అంటుకుంది. చెప్పులు విప్పకుండానే టేపు తీసుకుని రోడ్డు దాటి, మూల మీదున్న పెద్ద గది కొలిచొచ్చింది. ఎక్కడ కత్తిరింపు బల్ల, ఎక్కడ బొమ్మలు, ఎక్కడ అద్దం ముందు నిలబడే చోటు, అన్నీ తేల్చేసింది. నలుగురు ఆడవాళ్ళని పనికి పెట్టుకుంటానంది. నన్ను షాపు మూసేసి లెక్కలు చూడమంది. నేను కూడా ఊరుకోకుండా, బోర్డు మీద పేరు ఏ అక్షరాల్లో ఉంటే బాగుంటుందో డిజైన్ వేసి ప్రింటు తీసుకొచ్చాను. గాల్లో మేడ కట్టడంలో మేం ముగ్గురం సమానంగానే రాళ్ళు మోశాం.

ఆదివారం పొద్దున అందరం నా లాప్‌టాప్ చుట్టూ చేరాం. కంపెనీ పేజీలో పెద్ద గడియారం వెనక్కి నడుస్తోంది, చవక ధర వారంలో అయిపోతుందని. అంతా సిద్ధం చేశాక బావ వేలు బటన్ మీద ఆగిపోయింది.

"ఏమైంది?" అంది అక్క.

"ఆ రోజు హోటల్ గంట నొక్కాను. వీళ్ళది నొక్కలేదు."

"లాప్‌టాప్‌లో గంటెక్కడుంటుంది బావా?" అన్నాను.

ఆయన ఆదివారాలు పనిచేసి విడిగా దాచుకున్న కాస్త డబ్బుని మాత్రం పెట్టాడు. కళ్ళు మూసి తెరిచేలోగా డబ్బు వెళ్ళిపోయింది. తెర మీద రంగు కాగితాలు రాలాయి, 'అభినందనలు' అని వచ్చింది. అక్క చప్పట్లు కొట్టింది. వెంటనే బావ ఆ డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగే బటన్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. అది పేజీ అడుగున బూడిద రంగులో, ఎవరికీ కనబడకూడదన్నట్టు ఉంది. "గంటని ఇలాగా పెట్టేది?" అని గొణుక్కున్నాడు. కారణం రాయమంటే, 'గంట పనిచేస్తుందో లేదో చూడటానికి' అని రాసి నొక్కాడు.

అక్కకి కోపం నషాళానికి అంటింది. "పెట్టి నిమిషం కాలేదు. వాళ్ళేమనుకుంటారు? మిమ్మల్ని స్టేజీ ఎక్కించినందుకు ఇదా మీరు చేసేది?"

"పనిచేస్తే మొత్తం పెట్టేద్దామోయ్. వారం ఉందిగా."

వారం గడవడం కష్టమైపోయింది. కంపెనీ నుంచి వచ్చినవన్నీ మిషన్ పంపే మెసేజీలే. మీ విన్నపం మాకు చాలా ముఖ్యం, త్వరలో మాట్లాడతాం. బావ మోటారు గదుల్లో ఉన్నా ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. అక్క ఆయనతో మాట్లాడటం మానేసి, నాతో చెప్పించడం మొదలుపెట్టింది. "మీ బావకి టీ కావాలేమో అడుగు" అనేది, ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నా. కటింగ్ షాపాయన తన దగ్గరున్నదంతా పెట్టేశాడని తెలిశాక ఆమె ఇంకా రగిలిపోయింది. వారం చివరి రోజు పొద్దున గది ఓనరు కూడా కబురు పెట్టాడు. వాచీల గది కావాలో, పెద్ద గది కావాలో, రెండూ వద్దో, సాయంత్రంలోగా చెప్పకపోతే సెల్‌ఫోన్ల షాపువాడికి ఇచ్చేస్తానని. కంపెనీ గడియారం ఆగిపోయేదీ ఆ సాయంత్రమే.

"ఇక తాడో పేడో తేలాలి. మీరు పెడతారా, నన్ను పెట్టమంటారా?" అంది అక్క, వారం తరవాత మొదటిసారి నేరుగా. లాప్‌టాప్ తన ఒడిలో పెట్టుకుంది.

అప్పుడు ఫోను మోగింది.

తెలియని నంబరు. బావ స్పీకరు ఆన్ చేసి కర్టెన్ల గుట్ట మీద పెట్టాడు. చిన్నపిల్ల గొంతులా ఉంది. "సార్, నేను కంపెనీ నుంచి మాట్లాడుతున్నా. మీరు డబ్బు వెనక్కి అడిగారు కదా. కారణం చదివాను, అర్థం కాలేదు. గంట ఏంటి సార్?"

బావ మొహం వెలిగిపోయింది. మా ఇద్దరి వైపూ చూసి, విన్నారా అన్నట్టు చెయ్యి ఊపాడు. అక్క లాప్‌టాప్ మీద వేలు పెట్టేసింది. గంట మోగింది, మనిషి పలికింది, ఇంకేం కావాలి?

"ఏం లేదమ్మా" అన్నాడు బావ. "నేను లిఫ్టు మెకానిక్‌ని. ఎక్కే ముందు గంట నొక్కి చూస్తా. నువ్వొచ్చావు, చాలు. మాకు డబ్బు వెనక్కి అక్కర్లేదు, ఇంకా పెడుతున్నాం."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"వింటున్నావా తల్లీ?"

"వింటున్నా అంకుల్." సార్ పోయి అంకుల్ వచ్చింది. "ఇప్పటిదాకా ఎవరూ ఇలా అడగలేదు. అందరూ ఎప్పుడు పెరుగుతుందనే అడుగుతారు."

"నువ్వు కూడా కొనుక్కున్నావా?" అన్నాడు బావ. ఊరికే, మాటల్లో మాటగా.

"నేను కొనలేదంకుల్. జీతం అందులోనే ఇస్తున్నారు."

"మొత్తమా?"

"కొన్ని నెలలుగా మొత్తం. మార్కెట్లోకి వచ్చేదాకా అమ్ముకోవడానికి లేదు. ఉద్యోగం మానేస్తే అవి పోతాయి."

"మరి గది అద్దె?"

"అద్దెకి కాయిన్ తీసుకోరు కదంకుల్" అని నవ్వబోయింది. నవ్వు సగంలో తెగిపోయింది. "సారీ. ఇవన్నీ చెప్పకూడదు. మా సార్ మంచివాడే. పెట్టె నిజంగానే తయారవుతోంది, నేను చూశాను. డబ్బే చాలడం లేదు."

బావ ఫోనుకి దగ్గరగా వంగాడు. నేను లిఫ్టు తలుపు అవతల నుంచి విన్న గొంతు అదే. "భయపడకు తల్లీ. కంగారుపడి ఉద్యోగం మానెయ్యకు. ఉన్నచోటే ఉండు. తలుపు తెరుచుకునే రోజు వస్తుంది. ఈ నంబరు నా దగ్గరుంది."

"మీ డబ్బు వెనక్కి పంపమంటారా అంకుల్?"

"పంపు."

ఆ అమ్మాయి ఏదో నొక్కిన చప్పుడు వినబడింది. డబ్బు వచ్చేసింది. బావ ఫోను పెట్టేసి, అక్క ఒడిలో ఉన్న లాప్‌టాప్ వైపు చూశాడు.

"బ్రేకు సరిగ్గానే ఉంది. ఆ కుర్రాడు దొంగ కాదు. పైకి లేవనూ లేవచ్చు, లేవదని నేననడం లేదు" అన్నాడు. "కానీ నేను గంట నొక్కితే, పలికిన మనిషి కూడా లోపలే ఉంది."

అక్క తెర మీది గడియారం వైపు చూసింది. అది ఇంకా నడుస్తూనే ఉంది. నేనైతే ఆ క్షణంలో కూడా, లేస్తే ఏమిటి, లేస్తే ఏమిటి అనుకుంటూనే ఉన్నాను. అక్క లాప్‌టాప్ మూసి నా చేతికిచ్చి, బీరువాలోంచి చెక్కుబుక్కు తీసుకుని, చెప్పులేసుకుని, గది ఓనరు దగ్గరికి వెళ్ళింది. వాచీల గదికే అడ్వాన్సు ఇచ్చి వచ్చింది. వచ్చాక బావకి స్వయంగా టీ పెట్టి ఇచ్చింది గానీ, చక్కెర వేయలేదు.

లిఫ్టు కాయిన్ మార్కెట్లోకి వచ్చిన రోజున మేమంతా అక్క కొత్త షాపులోనే ఉన్నాం. అద్దంలో బొమ్మకి నీలం గౌను తొడిగి ఉంది, రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసి మరీ పోతున్నారు. అక్క మొహంలో ఆ సంతోషం దాచినా దాగడం లేదు. సరిగ్గా అప్పుడే అవతల కటింగ్ షాపులో కేక వినిపించింది. ఆయన సగం గీసిన గడ్డంతో ఒకాయన్ని కుర్చీలో వదిలేసి, ఫోను పైకెత్తి రోడ్డు మీద చిందులు తొక్కుతున్నాడు. కాయిన్ లేచింది. రెట్టింపు కాదు, పది రెట్లు దాటింది, ఇంకా లేస్తోంది.

నేను నా ఫోనులో చూశాను. అంకె చూస్తుండగానే మారిపోతోంది. నా నోరు ఊరుకోదుగా. "బావా, మూల మీద పెద్ద గదీ, దాని పై అంతస్తూ, నలుగురు పనివాళ్ళూ, నా బోర్డు డిజైనూ, అన్నీ నీ గంటలో కొట్టుకుపోయాయి" అన్నాను. అక్క సూది గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకుంది. ఆమె చూపు మూల మీదున్న గది దాకా వెళ్ళి వచ్చింది. ఆ చూపు బావ కూడా చూశాడు. బాధపడ్డాడు. బాధపడలేదంటే అబద్ధమే.

అయినా ఆయన తీసిన ఫోను ధర చూడటానికి కాదు. ఏదో నంబరు నొక్కి, చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎత్తగానే గొంతు మారింది.

"తల్లీ, నేను లిఫ్టు మెకానిక్‌ని. తలుపు తెరుచుకుంది, చూశావా?"

నేను స్పీకరు నొక్కేశాను, ఆగలేక. అవతల పండగలా అరుపులు, ఈలలు, ఎవరో బల్ల మీద కొడుతున్న చప్పుడు. ఆ అమ్మాయి కూడా అరుస్తున్నట్టే మాట్లాడింది. "చూశానంకుల్. నమ్మలేకపోతున్నా. ఇక్కడందరూ ఇంకా పెరుగుతుందంటున్నారు. అమ్మినవాళ్ళు కంపెనీ మీద నమ్మకం లేనివాళ్ళని సార్ అన్నారు."

"పెరగొచ్చు. నాకు తెలీదు" అన్నాడు బావ. "నీ అద్దెకి సరిపడా తీసుకున్నావా?"

"ఇంకా లేదంకుల్."

"తలుపు తెరుచుకున్నప్పుడు దిగాలమ్మా. మళ్ళీ ఎక్కాలనుకుంటే రేపు ఎక్కొచ్చు. కిందకి చూసి కాలు పెట్టు. మెల్లగా. నేను లైన్లోనే ఉన్నా."

అక్క కుట్టు ఆపి లేచి వచ్చింది. ఫోను దగ్గర ముగ్గురం తలలు ఆనించి నిలబడ్డాం. ఆ అమ్మాయి ఊపిరి వినబడుతోంది. పది రెట్లు, పన్నెండు రెట్లు అంటూ వెనక ఎవరో అరుస్తున్నారు. నాకు మా డబ్బే అక్కడ ఉన్నంత ఆత్రంగా ఉంది.

"దిగవే తల్లీ, దిగు" అంది అక్క, ఎవరూ అడక్కుండానే.

కాసేపటికి ఆ అమ్మాయి అంది. "దిగానంకుల్. మొత్తం అమ్మేశా. డబ్బు వచ్చేసింది." అని ఏడ్చేసింది. అక్క బావ భుజం మీద గట్టిగా కొట్టింది. ఆయన మీద ఉన్న కోపమంతా ఆ దెబ్బతో పోయిందని నాకు తెలిసింది. నేనైతే ఎగిరి గంతేసి, నీలం గౌను బొమ్మని పడేసినంత పని చేశాను.

బావ మాత్రం నవ్వలేదు. ఫోను చెవికి దగ్గరగా తీసుకుని, అలవాటుగా అడిగాడు. "ఇంకెవరైనా ఉన్నారా లోపల?"

వెనక ఈలలు ఇంకా వినబడుతున్నాయి.

"చాలామంది ఉన్నారంకుల్" అంది ఆ అమ్మాయి.

బావ ఫోను జేబులో పెట్టుకుని, షాపు బయటికి వచ్చి, రోడ్డు దాటాడు. కటింగ్ షాపాయన ఇప్పుడు తన కొత్త కుర్చీలో తనే కూర్చుని, ఫోను చూసుకుంటూ నవ్వుతున్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా బావ గుమ్మంలో ఆగి, ముందు దాని మీద తట్టాడు.